చిత్తుప్రతి

సోంపేట సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా
రేకుల కింద నా బల్ల.
ముప్పై ఒక్క ఏళ్ళుగా
పరాయి నేలకి హద్దులు రాసి బతుకుతున్నాను.

డయాలసిస్ లేని రోజు చూసుకుని
తామాడ దమయంతి వచ్చింది.
ఎడమ చేతికి పట్టీ,
కుడి చేతిలో ప్లాస్టిక్ సంచీలో పాసుపుస్తకం.
రెండెకరాల పద్నాలుగు సెంట్లు, జీడితోట.

వీలునామాయా అన్నాను.
"అది నాను సచ్చినాక కదా బాబూ.
నానుండగానే
అది నాది కాకుండా పోవాల."

ఇలాంటివి కోపంతో రాయిస్తారు.
తాగే కొడుకో, పేకాట అల్లుడో.
అలవాటుగా పెన్ను కాగితం మీద వాలింది.
ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.
"మావోలు మంచోలు. అదే బయ్యం.
పెద్దోడు ఢిల్లేసు బేరం పెట్టీసినాడు.
విశాపట్నం తీసుకెల్లి కిడ్నీ మార్పించెత్తాడట.
అరవై నాలుగేళ్ళ ముసిల్దానికి
రెండెకరాలు తినిపించెత్తాడట."

ట్రస్టు అంటే చెప్పాను.
నేల ఒకరి చేతిలో ఉంటుంది, ఫలం ఇంకొకరిది.
చేతిలో ఉన్నవాళ్ళు తినకూడదు,
తినేవాళ్ళకి ఇరవై ఒకటి నిండేదాకా
ఎవరూ అమ్మకూడదు.
ఆవిడ నవ్వింది.
"జీడిపండుకి పిక్క కడుపులోన ఉంటాదేటి?
బయిటే కదా ఏలాడతాది.
దీనికింత పేరేటి?"

లబ్ధిదారులు యశ్విత, లిఖిత్,
చిన్నకోడలి ఒళ్ళో పేరింకా పెట్టని పాప.
ఖాళీ వదిలితే లోపల ఒప్పుకోరు.
ఫలానా తేదీన పుట్టిన ఆడశిశువు, అని రాశాను.

ధర్మకర్త ఎవరమ్మా?
పెద్దకోడలు రోహిణి, అంది.
మీ ఇద్దరికీ మాటల్లేవని ఊరంతా అంటారే!
"నేవు. అందుకే.
నామీద పేమున్నోలు అమ్మీగలరు.
అది అమ్మదు."
బెంచీ చివర రోహిణి తల తిప్పలేదు.
సీసాలోంచి నీళ్ళు వంచి
గ్లాసు అత్త వైపు జరిపింది.
సగమే. డాక్టరు చెప్పిన కొలత.

షరతుల్లో మొదటి రెండూ నాకు కంఠతా వచ్చినవి.
మూడోది ఆవిడది.
పిక్కలమ్మిన డబ్బులోంచి
ఫీజులకన్నా, పుస్తకాలకన్నా ముందు
రోజుకొక మంచినీళ్ళ డబ్బా.
"మా నూతినీళ్ళు ఆ గుంటల నోట్లోకి ఎల్లకూడదు. రాయి."

నూతిని ఎన్నిసార్లు రాశానో,
ఉత్తరాన ఉమ్మడి నుయ్యి, అని.
తూర్పున సముద్రానికి పోయే ఇసక బాట,
దక్షిణాన దున్న కూర్మయ్య కొబ్బరితోట
(తిత్లీ తుపానుకి పడింది, మొదళ్ళే ఉన్నాయి),
పడమట గోర్జి.
ఆ నుయ్యికి
మనుషులకీ మధ్య కూడా
హద్దు గీయాలని నాకెప్పుడూ తోచలేదు.

ఆచంద్రతారార్కం అని రాయబోయి ఆగాను.
వారానికి మూడు రోజులు
రక్తం వడగట్టుకుని బతికే మనిషి ముందు
చంద్రుణ్ణీ సూర్యుణ్ణీ సాక్ష్యం పిలవడం
సిగ్గనిపించింది.
ఇరవై ఒక్క ఏళ్ళు అని
అంకెల్లో, మళ్ళీ అక్షరాల్లో రాశాను.

లోపల మిషను ఆవిడ వేలిని ఒప్పుకోలేదు.
నలభై ఏళ్ళు పిక్కలు కొట్టిన చెయ్యి.
గీతల్ని జీడి తినేసింది.
తుడిచి పెట్టమన్నారు. తడిపి పెట్టమన్నారు.
ఈ వేలు, ఆ వేలు.
గుమస్తా విసుక్కుంటూ
కంటిని చదివే మిషను తెచ్చాడు.
కన్ను కుదిరింది.

కాగితం మీద మాత్రం
నా సిరా డబ్బాతోనే ముద్ర:
ఒక్క గీతా లేని నల్లటి మచ్చ,
పిక్కంత.

నా రాతకూలి పన్నెండొందలు.
వెయ్యి చేతిలో పెట్టి
"మిగతాది పంటొచ్చినాక" అంది.
తోట ఇప్పుడు మీది కాదు కదమ్మా, అన్నాను.
నిలబడి ఆలోచించింది.
ఆలోచిస్తూనే ఉంది.

రోహిణి కొంగుముడి విప్పి
రెండొందలు బల్ల మీద పెట్టింది,
రసీదు అడిగింది.