ఐదుకి ఎంత?

ఫర్వానియాలో మధ్యాహ్నం నిద్ర లేచి
షట్టర్లు సగం ఎత్తే వేళకి బయల్దేరతాను.
చేతిలో ట్యాబ్, మెడలో కంపెనీ తాడు.
నింపిన ఫారానికి రెండొందల యాభై ఫిల్స్.
"మీ నెట్టుకి ఐదుకి ఎన్ని మార్కులు?"
హిందీలో అడుగుతాను, వచ్చీరాని అరబ్బీలో అడుగుతాను,
వందలో ఇద్దర్ని తెలుగులో.

సెలూన్ ఇమ్రాన్ షా కత్తి కింద
గిరాకీ గొంతు కదలకుండా వింటోంది.
"రెండు రాసుకో. మొన్న ఆఖరి ఓవర్లో
బంతి గాల్లోనే ఆగిపోయింది.
చేతిలో కత్తి ఉంది గనక
నన్నెవరూ ఏమీ అనలేదు."

బక్కాలా కుంజుమొయిదీన్ ఒకటి అన్నాడు.
కార్డు మిషను తిరుగుతూనే ఉంటుంది,
పెరుగు డబ్బా పట్టుకున్న పిల్ల వెనక
ఆరుగురు చెమట తుడుచుకుంటుంటారు.
"అప్పుడు బాకీల పుస్తకం తీస్తాను.
అదెప్పుడూ ఆగలేదు. దానికి ఐదు రాసుకో."

ఎక్స్‌ఛేంజిలో ఒకరోజు
బోర్డు మీద రూపాయి నిన్నటి రేటుకే బిగుసుకుపోయిందట.
నిన్నటిదే మేలు.
క్యూ అంతా ఆ బోర్డుకేసి వేలు చూపించి
అదే కావాలని కూర్చుంది.
మేనేజరు సున్నా అడిగాడు.
సున్నా లేదండీ, ఒకటి నుంచే మొదలు అన్నాను.

ఇక పెంచలయ్య.
సిర్దాబులో దుకాణం, పదకొండు మెట్లు దిగాలి.
ఒకటే మిషను, దానికో కుంటి పెడలు.
"వ్యాపారంలో నెట్టు దేనికి వాడతారు?
బిల్లులా, ఆర్డర్లా, ప్రచారమా, ఇతరమా?"
దారం పంటితో తెంపి
"ఇతరం" అన్నాడు.

ఇతరం అంటే శుక్రవారం, రెండు నుంచి నాలుగు.
ఇళ్ళల్లో పని చేసే ఆడోళ్ళు, బయటికి వదిలేది ఆ కాసేపే.
గుడ్డ తానుల మీద తలా ఒక గోడకి తిరిగి కూర్చుని
ఎవరి ఫోన్లో వాళ్ళు ఏడుస్తారు, తిడతారు,
బర్రెకి సూది వేయించారా అని అడుగుతారు.
ఊరికే వాడుకోవడం నామోషీ.
అందుకని వచ్చిన ప్రతిసారీ ఒక రైకగుడ్డ తెస్తారు.
సుబ్బరత్నకి పదమూడు రైకలయ్యాయి,
కట్టేదేమో పొద్దస్తమానం ఆ ఇంటోళ్ళిచ్చిన నైటీ.

"నడిమజ్జన తొమ్మిది రోజులు లైను తెగిందబ్బయ్యా.
ఆ శుక్రవారం ఒక్కతే వచ్చింది సుబ్బరత్న.
ఫోను ఒళ్ళో పెట్టుకుని
రెండు గంటలూ కూర్చుని పోయింది.
కుట్టుకూలి ఇచ్చింది,
గుడ్డ తేవడం మరిచిపోయి."

అయితే ఎన్ని మార్కులు?
"నన్నడిగితే ఎట్లా? నాది కట్టేది మాత్రమే.
నెలకి పదకొండు దినార్లు, అద్దె కన్నా ముందు.
శుక్రవారం రా."

వెళ్ళాను.
ఆరుగురూ ఒకేసారి నా మెడలో తాడు చూశారు.
పెద్దామె రవణమ్మ ఫోను మీద అరచెయ్యి మూసి
"ఒకటి ఏస్తే పీకేస్తారా?" అంది.
తెలియదన్నాను.
"ఐదేస్తే? బాగుంది కదా అని రేటు పెంచుతారా?"
అదీ తెలియదన్నాను. అది మాత్రం కొంచెం తెలుసు.
వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు,
ఆ గదిలో గోడలు కాక మనుషుల్ని చూసుకోవడం
ఆ రోజుకి అదే మొదలేమో.
"అయితే మూడేయి నాయనా," అంది రవణమ్మ,
"వాళ్ళ కంట్లో పడకుండా."

మూడు నొక్కాను.
మా ఆఫీసు లెక్కలో మూడు వేసినవాళ్ళంటే
ఏ అభిప్రాయమూ లేనివాళ్ళు.
ఇతరం పక్కన ఖాళీలో ఇరవై అక్షరాలే పడతాయి.
"టైలరింగ్" అని రాసి మూసేశాను.

రవణమ్మ అప్పటికే చెయ్యి తీసేసింది.
"ఆఁ, ఎవురూ కాదులే, నెట్టు మనిషి.
నువ్వు చెప్పు,
ఆ సూది ఎంతైందన్నావు?"