ఊపిరి బిగబట్టండి

పొద్దున ఎనిమిది నుంచి నా పని ఎముకలతో.
"గాలి లోపలికి లాగండి. ఊపిరి బిగబట్టండి. కదలొద్దు."
పదకొండేళ్లుగా ఇదే మాట, పెద్దాసుపత్రి కింది అంతస్తులో.
నడకదారిలో మోకాలు మడతపడినాయన,
రేణిగుంట రోడ్డులో బండి మీద నుంచి పడిన పిల్లోడు,
ఎవరొచ్చినా నా దగ్గర ఒకటే రంగు:
నలుపు, నలుపులో నానిన తెలుపు.

కెమెరా పాతది.
చిత్తూరులో పెళ్లిళ్లు తీసే మొగిలప్ప
కొత్తది కొనుక్కుంటా దీన్ని నాకిచ్చినాడు,
తొమ్మిది వేలు, రెండు కంతులు.
సంచి అడుగున ఎవరి పెళ్లిదో
ఒక తలంబ్రాల గింజ, ఇంకా పసుప్పచ్చగా.
పారెయ్యబుద్ధి కాలేదు.

మొదటి ఆరు నెలలూ
కొండను తీస్తే కరెంటు తీగలొచ్చినాయి.
నెమలిని తీస్తే చింతచెట్టు వచ్చింది.
తలకోనకు పోతే లెన్సు మూతను కోతి ఎత్తకపోయింది,
ఇప్పుడు దానికి ఊరగాయ డబ్బా మూత.
హైమ అన్నీ చూసి
"ఇందులో ఏముందబ్బా?" అనింది.
ఏమో, నాకూ తెలీదు.
తెలియనిదాని కోసమే నాలుగున్నరకి లేస్తున్నా.

తుపాను వాన వెలిసిన ఒక పొద్దున
కరకంబాడి రోడ్డులో టీ తాగతా తలెత్తితే
ఎదురుగా శేషాచలం.
తడిసిన రాతి పొరలు ఒకదాని కింద ఒకటి,
ఎవరో కొండను నిలబెట్టి
ఊపిరి బిగబట్టమన్నట్టు
పక్కటెముకలన్నీ లెక్కకు వచ్చినాయి.
టీ గ్లాసు యాడ పెట్టినానో గుర్తులేదు.

నా గదిలో వెలుగు మనిషిని దాటిపోతుంది.
బయట అది మనిషి మీద ఆగుతుంది,
రాయి మీద, బజ్జీల నూనె మీద,
పోలీసాయన ఈలకు కట్టిన తాడు మీద.
ఈ చిన్న సంగతి తెలిసేదానికి
నాకు నలభై రెండేళ్లు పట్టింది.

ఆపైన ఊరు కూడా దాపరికం మానేసింది.
లీలామహల్ సర్కిల్లో గుంత నీళ్లలో
లాడ్జీ బోర్డులు తలకిందులుగా వెలిగేది,
గాంధీ రోడ్డు ఇత్తడి చెంబుల్లో
ఒకే ఆటో ముప్పైసార్లు పోయేది,
షట్టరు దించిన అంగడి ముందర పూలామె
అమ్ముడుపోని కనకాంబరాల మీద నీళ్లు చిలకరించేది.
ఇవన్నీ నిన్న కూడా ఉన్నాయి.
నిన్న నేను లేను.

బస్టాండులో ఒక పాప.
అప్పుడే గుండు, గంధం ఇంకా ఆరలేదు.
బస్సు అద్దంలో చూస్తా తన తలను తనే తడుముకుంటా ఉంది,
కొత్త ఊళ్లో దిగినట్టు.
కెమెరా ఎత్తి, దించేసినాను.
అడక్కుండా మనుషుల లోపలికి చూసే పని
పగలంతా ఉంది నాకు.
సాయంత్రమన్నా అడగాల.
అడిగేలోపు బస్సు మదనపల్లికి పోయింది.

కపిలతీర్థం రాళ్లలో బంగారు బల్లి ఉంటుందన్నారు.
మూడు ఆదివారాలు, దోమలు, ఒక టార్చిలైటు.
కనబళ్లేదు.
సోమవారం డ్యూటీలో,
వెలుగుతున్న పెట్టె మీద, ఎవరివో పక్కటెముకల పైన
మామూలు గోడబల్లి,
గుండె ఉండాల్సిన చోట కాళ్లు చాపుకోని.
నేను తీసినవాటిలో అదే మంచిది.
ఫిల్ము మూలన పేరుంది.
అందుకే ఎవరికీ చూపలేదు.

మొన్న పీలేరు నుంచి ఒక అవ్వ వచ్చింది,
రెండు నెలల దగ్గు.
పలక ముందర నిలబడి
కొంగు సర్దుకొని, ముక్కుపుడక తిప్పుకొని
"నవ్వాల్నా నాయనా?" అనింది.

పదకొండేళ్లలో ఎవరూ అడగని మాట.
నవ్వు ఆ ఫిల్ములో పడదు, తెలుసు.
"నవ్వవ్వా" అన్నాను.
ఊపిరి బిగబట్టమని చెప్పేది మరిచిపోయినాను.
బొమ్మ కొంచెం అలికింది,
ఆ ఊపిరి ఆడినంత మేర.
మళ్లీ తీయాల్సి వచ్చింది.

మొదటిదాన్ని
పారెయ్యబుద్ధి కాలేదు.