కాటా దిమ్మ

ఆ ఏడు వంశధార గుణుపురంలోకి
చెప్పకుండా వచ్చింది.
సాహు సావుకారి ధాన్యం గొడౌనులో
మోకాటిచిప్ప దగ్గర ఆగింది.
నేను బస్తాల మీద. కొక్కేనికి లాంతరు.

నీళ్ళు పాలెక్కువైన టీ రంగు.
కాటా దిమ్మ మునిగింది, రెండు వేళ్ళ లోతున.
కంటికి కనపడదు.
పదకొండేళ్ళు దాని మీద తూకం వేసినోణ్ణి,
అదెక్కడో నా కాళ్ళకి తెలుసు.
ఎలక్కీ తెలుసని
రెండో జాముకి తేలింది.

సందులోంచి జారిపడి
మొదట గోడ వెంబడే ఈదింది,
గోడ వదిలితే లోకం అయిపోతుందన్నట్టు.
తర్వాత ఆగి ముక్కెత్తి
లాంతరు చూసింది.
ఇనప స్తంభం నీడ చూసింది.
(చూసిందనే అనుకుంటున్నా.)
అంతే, దారం లాగినట్టు
అడ్డంగా వచ్చి దిమ్మెక్కింది.
నీళ్ళ మీదే నిలబడి
మీసాలు తుడుచుకుంది.

చీపురుతో తోసేసాను.
మళ్ళీ వచ్చింది, ఈసారి ఇంకా తిన్నగా.

మూడోసారి, మనిషిని కదా,
లాంతరు తీసి ఎదుటి కొక్కేనికి తగిలించాను.
నీడ గొడౌనంతా తిరిగి
అవతలి వైపు పడింది.
ఎలక తడబడలేదు. అదే నాకు దిగులు.
తిన్నగా, నమ్మకంగా,
దిమ్మ లేని చోటికి ఈదింది.
అక్కడ చుట్టూ తిరిగింది.
మళ్ళీ తిరిగింది.
ఇక్కడే ఉండాలి, ఇక్కడే.

ఆ తిరుగుడు నాకు కొత్త కాదు.
పద్నాలుగేళ్ళప్పుడు పాతపట్నం నుంచి వచ్చాను.
ఇక్కడి బోర్డుల మీద అక్షరాలన్నీ
గొడుగులేసుకున్న మనుషుల్లా ఉండేవి,
ఒక్కడూ మొహం చూపించేవాడు కాడు.
గులాబీరంగు గోడ దగ్గర ఎడమకి,
ఎండుచేపల కంపు దాటాక
కుట్టుమిషను చప్పుడు వినపడితే మా గది.
అదీ నేను చదివిన ఊరు.
రథయాత్రకి ఆ గోడకి సున్నం కొట్టారు.
పొద్దుగూకేదాకా ఒకే సందులో తిరిగాను,
అడగడానికి భాష లేక.
దుంపలమ్ముకునే సవర మనిషి సొంబారి
నా తిరుగుళ్ళు లెక్కపెట్టినట్టుంది,
గడ్డంతోనే అటు చూపించింది.

ఎలక మునకలేస్తోంది.
దిగి, నీళ్ళలో నడిచి
లాంతరు మళ్ళీ పాత కొక్కేనికి తగిలించాను.
నీడ దాని చోటికి అది వచ్చింది.
కాసేపటికి ఎలకా వచ్చింది.

చమురు అడుగంటుతోంది.
వత్తి తగ్గిద్దామని చెయ్యి చాపి
ఎందుకో
వెనక్కి తీసుకున్నాను.