నాణెం చప్పుడు

శంషాబాద్ హ్యాంగర్‌లో రాత్రి రెండున్నర.
రెక్కకి అంటించిన నలభై సెన్సర్లలో
పదిహేడోది మళ్ళీ ఏడుస్తోంది
పగులు, పగులు అని.

నిన్నా ఇంతే. విప్పి చూస్తే
మే నెల ఎండకి వదిలిన జిగురు.
మొన్న, తెగిన తీగ.
రెక్క నిక్షేపంలా ఉంది.

వాజిద్ చిచ్చా జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి
టక్కుటక్కున తడుతూ వింటాడు,
సంతలో కుండ కొనేవాడిలా.
"గట్టిగనే ఉంది బేటీ,
నీ మిషన్‌కే జరమొచ్చింది."

నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.
ఆరింటికి విమానం. నూట ఎనభై సీట్లు.
నాడి చూసేదాని నాడి
ఎవరు చూడాలో ఏ మాన్యువల్లోనూ లేదు.

పదిహేడుని ఆపేయనా?
వేలు మీట మీద ఉంది.
చిచ్చా బిళ్ళ ఇంకా జేబులో పెట్టుకోలేదు.
అదే చోట, చెవి ఆనించి,
మళ్ళీ కొడుతున్నాడు.