పొడుగు కట్టె

ఓబులేసు ఫోన్‌లో ఎడమవైపు కింది మూల
వేలు పెడితే పలకదు.
ఎవరిదో ఫ్రిజ్ దింపుతుంటే జేబులోనే పగిలింది.
అందుకే ఆ ఆటలో పైనుంచి రాలే దిమ్మెల్ని
కుడివైపు నుంచే పేర్చుకుంటూ వస్తాడు,
ఎడమన ఒక్క నిలువు సందు వదిలేసి.
పొడుగు కట్టె కోసం, అంటాడు.
వస్తాదిలే.

కగ్గదాసపురలో మూడో అంతస్తు. లిఫ్టు లేదు.
రంగులకని అడ్వాన్సులో ఎంత కోయాలో
ఇంటి ఓనరు గది గదీ తిరిగి
మేకు బొక్కలు లెక్కపెడుతున్నాడు.
మేం బీరువా మోస్తున్నాం.

లారీలో నిలబడ్డ ఓబులేసు
మెట్ల మలుపులో చప్పుడు వినే
వచ్చేదానికి చోటు చూసి పెడతాడు.
పరుపు నిలువుగా. దాని ఒడిలో టీవీ.
వాషింగ్ మెషిన్ కడుపులో దిండ్లు.
టేబుల్ కాళ్ల మధ్య బియ్యం డబ్బా,
డబ్బా మీద దుప్పట్లో చుట్టిన దేవుళ్లు.
నోరు తెరవడు.
మణికట్టు గాల్లో ఒకసారి తిప్పుతాడు,
అంటే మేం సోఫాను తిప్పాలి.

చివరికి కుట్టుమిషన్ మిగిలింది.
"ఆటోలో తెచ్చుకుంటాలే" అంది ఆ ఇంటి పద్మావతమ్మ,
సగం తమిళం, సగం కన్నడం.
ఓబులేసుకి అది తిట్టులా తగిలింది.
రెండు అట్టపెట్టెలు దించాడు, ఒకటి ఎక్కించాడు,
మిషన్‌ను తలకిందులు చేశాడు.
అప్పటిదాకా లేని సందు ఒకటి పుట్టింది.
గడియ పడింది.

టిన్ ఫ్యాక్టరీ దగ్గర నలభై నిమిషాలు,
క్యాబిన్‌లో నలుగురం ఇరుక్కుని.
"నిండిన వరస ఆటలో మాయమైపోతాది,
ఇక్కడ కాదేమన్నా?" అన్నాను.
తల ఎత్తకుండా అన్నాడు:
"మాయమైతే హోసకోటెలో దించిన కూలి
నీకెవురిస్తారప్పా?"

రాత్రి గది పది బై పన్నెండు. ఏడుగురం.
మొన్నటిదాకా ఎనిమిది.
అందరికన్నా ఆలస్యంగా వచ్చినవాడు
పక్కకు తిరిగి, మోకాళ్లు మడిచి,
చూసుకుని దిగాలి.
సుంకన్న చెప్పకుండా వెళ్లిపోయాడు,
బియ్యం బాకీ, ఒక దువ్వెన వదిలేసి.
ఆ రాత్రి ఎవరం ఏమీ అనుకోలేదు.
నిద్రలోనే కొంచెం కొంచెం జరిగాం.
తెల్లారి చూస్తే అక్కడ ఖాళీ లేదు.

గోడవైపు తిరిగి ఓబులేసు ఆడుతున్నాడు.
ముఖం మీద నీలం, పసుపు, మళ్లీ నీలం.
ఛార్జింగు నాలుగు శాతం.
దిమ్మెలు కప్పు దాకా వచ్చేశాయి.
ఎడమ సందు అట్లాగే ఉంది.

"వచ్చెరా పొడుగుది!"

నేను తల ఎత్తేలోగా ఫోన్ ఆరిపోయింది.
చీకట్లో, పగిలిన అద్దం మీద,
బొటనవేలు ఇంకా ఎడమకు జరుపుతున్న
గరగర.