మా ఇంటి రాళ్ళు

నలభై ఆరు కిలోలు ఎక్కడికి పోయాయని
మా అమ్మ అడిగింది,
నేనేదో బస్సులో మర్చిపోయి వచ్చిన
సంచీ గురించి అడిగినట్టు.
తాల్కవానోలో వర్షం. కిటికీ నిండా
చేపలపొడి మిల్లు వాసన.
ఊపిరిగా, చెమటగా పోతుందట అన్నాను.
నమ్మలేదు.
అంత బరువు గాలిలో కలుస్తుందా అంది.

కోసింది నా కడుపుని.
కడుపుకోత మాత్రం ఆవిడది.
గిన్నెడు చిక్కుడుగింజల పులుసు పెడితే
నాలుగు చెంచాలు తిని లేచే కూతుర్ని
ఎవరింటి పిల్లో అన్నట్టు చూసేది.

ఆ ఏడాది అందరూ అలాగే చూశారు.
లైసెన్సు మీది ఫొటోనీ నన్నూ మార్చి మార్చి చూసి
పోలీసు కుర్రాడు "మీ అక్కదా?" అన్నాడు.
యూనిఫాం చొక్కాకి వెనక మూడు పిన్నీసులు.
డ్రైవరు సీటు జానెడు ముందుకి జరిపినా
స్టీరింగుకీ నాకూ మధ్య
ఇంకా కొంచెం గాలి ఆడేది.
ఆ గాలి కోసమే కదా
అప్పు చేసింది.

మాత్రలు ఆరు నెలలు వేసుకోమన్నారు.
రెండో నెలలో ఆపేశాను.
ఎవరడిగినా ఖరీదని చెబుతాను.
నిజానికి, బాగున్నాననుకున్నాను.
బాగుండటం ఎంత కొత్తగా ఉండేదంటే
దానికి మందేమిటి అనిపించింది.

మంచు కరిగితే నీళ్ళు.
కొవ్వు తొందరపడి కరిగితే
కొంత దారి తప్పి పిత్తంలో చేరి
ఆ చీకట్లో ఒకదాన్నొకటి పట్టుకుని
గట్టిపడుతుందని
నాకెవరు చెప్పారు?
చెప్పారు. కాగితం మీద ఉంది.
కింద సంతకం నాదే.

మూడో ఏడు, మే నెల, మంగళవారం, ఏడూ పది.
టెర్మినల్ దగ్గర ఎలెవుతేరియో వేయించే
గుమ్మడి రొట్టె
ఒకటి, ఒక్కటే, అందులోనూ సగం తిని
బండి తీశాను.
బియోబియో వంతెన ఎక్కేసరికి
కుడి పక్కటెముకల కింద ఎవరో గుప్పిట బిగించారు.
విప్పలేదు.
వీపుకి పాకి, రెక్క ఎముక కింద
మేకులా దిగారు.
నోటి నిండా చేదు.
నా వెనక ముప్ఫై ఒక్కమంది.
వంతెన దించి, పక్కకి ఆపి,
మినుకు దీపాలు వేసి
స్టీరింగుకి నుదురు ఆనించాను.
గుండె, గుండె అని అరిచారెవరో.
టై కట్టుకున్న ఒకాయన మాత్రం
ఈ పూట నా జీతం నువ్విస్తావా అన్నాడు.
స్కూలు బ్యాగు పిల్ల ఒకతె
పుదీనా బిళ్ళ కాగితం విప్పి
నా నోట్లో పెట్టింది, ఏమీ అడక్కుండా.

స్కాన్ చేసే కుర్రాడు
చల్లటి జెల్లీలో కాసేపు తిరిగి
"అయిదు" అన్నాడు.
ఇంకాస్త తిరిగి, "కాదు, ఏడు."
బేరమాడాలనిపించింది.

అమ్మ నా రూటు బస్సులోనే ఆసుపత్రికి వచ్చింది.
ఎవడో నడిపాడట, మలుపుల్లో దయలేకుండా.
ఏడని చెప్పాను.
"చూశావా, గాలిలో కలవలేదు."
చేతిసంచీలోంచి పాత మందుసీసా తీసింది.
తొంభై ఒకటిలో తనకి తీసినవి,
తేనె మురిగిన రంగువి, పదకొండు.
రోసాల్బా పిన్నివి వేరే డబ్బాలో ఉన్నాయట,
అవి ఇంకా పెద్దవని పిన్నికి గర్వం.
అమ్మమ్మకి కోసేవాళ్ళు దొరకలేదు.
నొప్పి లేచినప్పుడల్లా గోడకి వీపు ఆనించి,
పొయ్యి మీది కూర మాడకుండా
అక్కణ్ణించే కేకలేస్తూ వెళ్ళదీసింది.

సీసా ఊపింది. చిన్న చప్పుడు.
మూడేళ్ళ తర్వాత మొదటిసారి
నా ముఖంలో ఎవర్నీ వెతక్కుండా
నన్ను చూసింది.
"కాత్రిలేవుల పిల్లవే, నోల్వియా.
అనుమానం లేదు."

నవ్వితే నొప్పి. నవ్వాను.

ఆపరేషను గురువారం.
రాళ్ళు నాకిస్తారా అని నర్సుని అడిగితే
కనుక్కుని చెబుతానంది.
అమ్మ ఖాళీ సీసా కూడా ఒకటి తెచ్చి
మంచం పక్కన పెట్టి వెళ్ళింది,
కడిగిందే,
పొగబెట్టిన మిరప్పొడి ఘాటు
ఇంకా పోలేదు.