ఒకటి బై పదిహేను

ఫిషింగ్ హార్బరులో తెల్లారుజాము మూడున్నరకి
ఐసు ఫ్యాక్టరీ కిటికీ దగ్గర కూర్చుని
చీటీలు రాసే పని నాది.
ఫోను వాయిదాల మీద కొన్నాను, ఇంకా నాలుగున్నాయి.

పిక్కి ఎల్లాయమ్మ తట్ట దించి అడిగింది:
"నాదొక బొమ్మ తియ్యి బావూ.
రేషను కార్డులో ఉన్నది
బొమ్మ కాదు, బొగ్గు."

తీశాను. ఏముంది, వేలు తాకించడమే.
మిగతాదంతా ఫోనే ఆలోచించేసింది.
చీకటి ఉండకూడదనుకుంది,
పసుపు దీపాన్ని పాలదీపం చేసింది,
ఆడమనిషి ముఖమంటే మైదాపిండి అని
ఎవరు చెప్పారో దానికి.

ఎల్లాయమ్మ తెర మీదికి వంగి చాలాసేపు చూసింది.
"ఎవలిదిది?
గెడ్డం కింద నా జెల్లముల్లు గీతేదీ?
మా పెళ్లికన్నా పాతది బావూ అది.
తుడిసేసినావా?"

నేను తుడవలేదు.
తుడుస్తుంటే చూస్తూ ఊరుకున్నాను.

ఆ వారమంతా బేరాల్లేని వేళల్లో
కెమెరాలో ఎప్పుడూ తెరవని గది తెరిచాను.
తలుపు మీద ప్రో అని ఉంది,
లోపల తొమ్మిదో తరగతి లెక్కల పరీక్ష.

ఐఎస్ఓ మూడువేల రెండొందలకి ఎక్కిస్తే
బొమ్మ నిండా యారాడ ఇసక.
వందకి దించితే బొత్తిగా అమావాస్య.
చీటీలు రాసేవాణ్ని కదా, ఈ ఒక్కటీ తొందరగా అర్థమైంది:
ఇక్కడ తగ్గించింది అక్కడ కట్టాలి.
ఇసక వద్దంటే షట్టరుకి సమయమివ్వాలి,
సమయమిస్తే చెయ్యి వణుకుతుంది,
చెయ్యి వణికితే
జెట్టీకి కట్టిన మరబోట్లన్నీ
రెండేసి ముక్కులతో తేలుతాయి.

ఫోకస్ గీతకి ఈ చివర పువ్వు, ఆ చివర కొండ.
కొండ దాకా జరిపాను.
డాల్ఫిన్ నోస్ మీద లైట్‌హౌస్ కుదురుకుంది,
ముందున్న తట్టలు కరిగి నీళ్లయ్యాయి.
పువ్వు దాకా జరిపాను.
నా గోటి కింద సిరా మరక.
ఎల్లాయమ్మ నిలబడేది ఈ రెంటికీ మధ్య ఎక్కడో,
వేలు వెంట్రుకవాసి జరిగితే
దాటిపోయే చోట.

వైట్ బ్యాలెన్సుని ఐదువేల దగ్గర ఆపాను.
సోడియం దీపం మళ్లీ పసుపు కక్కింది.
కక్కనీ.
ఈ రేవులో ఈ వేళప్పుడు
ఎవరం తెల్లగా ఉన్నాం గనక?

శుక్రవారం కోనాలు పడ్డాయి.
పాట జోరుగా సాగుతోంది.
మోచేతులు రెండూ థర్మోకోల్ పెట్టె మీద ఆనించాను,
చలి ఎముకలోకి దిగింది,
ఊపిరి బిగబట్టాను.
"కదలకు పిన్నీ."
"కదలకపోతే సేపలు మీ తాత అమ్ముతాడేటి?"

ఐఎస్ఓ నాలుగొందలు.
ఒకటి బై పదిహేను.
నొక్కాను.

ఆ కాస్త వ్యవధిలో
ఆమె కుడిచెయ్యి వంద రూపాయలు పెంచింది,
చెయ్యి ఉన్నచోట ఒక పొగ మాత్రం మిగిలింది.
వెనక ఎవడో గుమ్మరించిన కానాగంతలు
ఒకే వెండి చారగా జారాయి.
నీళ్లు నల్లగానే ఉన్నాయి, నల్లటి నీళ్లు.
ముఖం మాత్రం
ధర తేలేదాకా కొనేవాణ్ని చూస్తూ
రాయిలా ఆగింది.
గీత ఉంది.

చెయ్యి చీరకి తుడుచుకుని ఫోను లాక్కుంది.
రెండు వేళ్లతో గెడ్డం పెద్దది చేసింది,
ముక్కు చిట్లించింది.
"నీసు కంపు కొడతంది బావూ."
మెచ్చుకుందో తిట్టిందో అడిగే ధైర్యం లేదు.

వెళ్లబోయి మళ్లీ ఆగింది.
"సెయ్యేదీ? సంపాదించేది సెయ్యి కదా.
ఇంకోటి తియ్యి, ఈపాలి సెయ్యి కూడా రావాల."

బయట లారీ హారను కొడుతోంది,
ఎనిమిది చీటీలు నా బల్ల మీద ఉండిపోయాయి.
చెయ్యి ఆగాలంటే ఒకటి బై అరవైకి వెళ్లాలి,
ఐఎస్ఓ పదహారొందలు దాటాలి.
"చెయ్యి రావాలంటే ఇసక వస్తాది పిన్నీ,
బొమ్మ నిండా."

తట్ట నెత్తికెత్తుకుంటూ అంది:
"రానీ.
ఇసక మనకేటి కొత్తా?"